రాయి, టోపీ, క్లాసు

ఇవాళ కూడా ప్రార్థనతోనే క్లాసు మొదలైందట. అమెరికాలోని ప్రోవోలో, మోర్మన్ చర్చి నడిపే బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీలో చదివే మా తమ్ముడు ఫోన్‌లో చెప్తున్నాడు.

"పాఠం ఏంట్రా?"

"ఈ చర్చి స్థాపకుడు జోసెఫ్ స్మిత్ టోపీలో రాయి పెట్టుకుని, అందులోకి చూస్తూ వీళ్ల పవిత్ర గ్రంథం బుక్ ఆఫ్ మోర్మన్ చెప్పి రాయించిన సంగతి. సార్ ఏమీ దాచలేదన్నా."

దాచడానికేముందిలెండి, ఆ రాయి ఫొటోను చర్చే 2015లో బయటపెట్టింది.

కానీ ఆ యూనివర్సిటీ 1992లో రాసుకున్న అకడమిక్ ఫ్రీడమ్ (బోధనా స్వేచ్ఛ) విధానం ప్రకారం, చర్చి మూల సిద్ధాంతాలను టీచర్లు విశ్లేషించొచ్చు, చర్చించొచ్చు. విద్యార్థుల ముందు వ్యతిరేకించకూడదు. అంటే ఆధారాలన్నీ బల్ల మీద పెట్టినా తీర్పు ముందే ఖాయం.

దీన్ని నిష్పాక్షికత అని నేననను. అలాగని మోసమూ కాదు. నియమం రాసిపెట్టే ఉంది, మావాడు చదివే చేరాడు. వాడి టెన్షనల్లా శుక్రవారం క్విజ్ గురించే.