పెద్దవయసులో అపెండిసైటిస్: నొప్పి చిన్నదైనా తీసిపారేయకూడదు

అపెండిసైటిస్ అంటే పెద్దపేగు మొదట్లో తోకలా ఉండే అపెండిక్స్ అనే చిన్న గొట్టం వాచడం. ఒడిశా, ఆంధ్ర సరిహద్దులోని మా పర్లాకిమిడిలో అపెండిసైటిస్‌ను ఇప్పటికీ చాలామంది ఇరవై నాలుగు గంటల నొప్పి అంటారు. అందుకే ముసలివారికి కడుపునొప్పి వచ్చి రెండు మూడు రోజులు గడిస్తే, అది అయ్యుంటే ఈపాటికి తేలిపోయేదని ఇంట్లోవాళ్లు ధీమా పడతారు. ఆ ధీమాకు ఆధారం లేదు.

ఈ జబ్బు 10 నుంచి 30 ఏళ్ల లోపు వారిలోనే ఎక్కువన్నది నిజమే. వారిలో సాధారణంగా నొప్పి బొడ్డు చుట్టూ మొదలై, కొన్ని గంటల్లో పొత్తికడుపు కుడివైపుకు దిగుతుంది. ఆకలి పోతుంది, వాంతి, జ్వరం వస్తాయి. 65 దాటినవారిలో ఈ వరుస తరచుగా కనిపించదు. జ్వరం రాకపోవచ్చు, రక్తపరీక్షలో తెల్లకణాలు పెరగకపోవచ్చు, కడుపు ఉబ్బరం, మలబద్ధకం తప్ప మరేమీ ఉండకపోవచ్చు. కీళ్లనొప్పులకు స్టెరాయిడ్లు వాడేవారిలోనైతే లోపలి వాపు మరింత మరుగున పడుతుంది. లక్షణాలు ఇంత మందకొడిగా ఉన్నా, వయసుతో అపెండిక్స్‌కు రక్తప్రసారం తగ్గి, దాని గోడ పలచబడి ఉండడం వల్ల అది పగిలే ప్రమాదం మాత్రం పడుచువారికన్నా ఎక్కువ.

మా పెదనాన్నగారికి జరిగినది ఇదే. వాము నీళ్లు, గ్యాస్ మాత్రలతో నెట్టుకొస్తుండగా నొప్పి ఉన్నట్టుండి తగ్గింది. అపెండిక్స్ పగిలినప్పుడు లోపలి ఒత్తిడి పోయి కాసేపు అలా తెరిపి ఇస్తుందని మాలో ఎవరికీ తెలియదు. మర్నాటికి చలి, ఆయాసం మొదలయ్యాయి. బరంపురంకన్నా శ్రీకాకుళం దగ్గర కాబట్టి అక్కడికే తీసుకువెళ్లాము. అల్ట్రాసౌండ్‌లో పేగుల్లోని గాలి అడ్డువచ్చి ఏమీ తేలకపోతే సీటీ స్కాన్ చేసి, చీముగడ్డ కట్టిందన్నారు. గొట్టం వేసి చీము తీసి, యాంటీబయాటిక్స్ ఇచ్చారు.

సరిహద్దులో ఉండేవాళ్లం గనుక, ఏ రాష్ట్రపు ఆరోగ్య కార్డు ఎక్కడ చెల్లుతుందో ఆపద రాకముందే కనుక్కొని ఉంచుకోవడం మంచిది. కారణం తెలియని కడుపునొప్పికి ఆముదం, ఎనీమా వంటివి ఇవ్వకూడదు. వయసు మీరిందన్న ఒక్క కారణంతో ఆపరేషన్‌కు వెనుకాడనక్కరలేదు. గుండె, ఊపిరితిత్తులు, మూత్రపిండాల స్థితి చూసి వైద్యులు నిర్ణయిస్తారు, చిన్న రంధ్రాల గుండా కెమెరాతో చేసే లాపరోస్కోపీ ఆపరేషన్ వృద్ధులకూ చేస్తున్నారు.

జబ్బు తగ్గాక కూడా ఒక పని మిగులుతుంది. 40 దాటినవారిలో ఒక్కోసారి పెద్దపేగు మొదట్లో పెరిగిన క్యాన్సర్ గడ్డ అపెండిక్స్ నోటిని మూసి ఈ జబ్బు తెస్తుంది కాబట్టి, కొన్ని వారాల తరువాత కొలనోస్కోపీ (కెమెరా ఉన్న గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) చేయించమంటారు. పెదనాన్నగారు ఎంతో విసుక్కొని చేయించుకున్నారు. ఏమీ లేదని తేలింది.