పాత ఈథర్నెట్ కార్డు: చెడింది కార్డా, డ్రైవరా?

పాత నెట్‌వర్క్ కార్డు చేతికొస్తే డబ్బా మీది పేరు చూసి లాభం లేదు, చిప్ మీది అంకెలు చదవాలి. ఒకే పేరుతో అమ్మిన కార్డులో చిప్ మధ్యలో మారిపోవడం మామూలే. అంకెలు చెరిగిపోతే లినక్స్‌లో ఎల్‌ఎస్‌పీసీఐ ఆదేశానికి ఎన్‌ఎన్‌కే తగిలించండి (lspci -nnk). తయారీదారు సంఖ్య, చిప్ సంఖ్య, కార్డుని ఏ డ్రైవర్ (దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్) పట్టుకుందో అన్నీ కనిపిస్తాయి. ఇంటెల్ తయారీదారు సంఖ్య 8086, వాళ్ల పాత ప్రాసెసర్ పేరే, వాళ్ల చమత్కారం అది!

రియల్‌టెక్ 8139 చిప్‌ని తిట్టనివాళ్లు తక్కువ. పంపే ప్యాకెట్లకు (డేటా ముక్కలకు) అందులో నాలుగే గదులు. మెమరీలో ప్యాకెట్ నాలుగు బైట్ల హద్దు మీద (నాలుగుతో భాగించబడే చిరునామా దగ్గర) మొదలవకపోతే తీసుకోదు, డ్రైవరే కాపీ చేసి అందించాలి. ఆ చాకిరీ అంతా ప్రాసెసర్ నెత్తినే. అయినా లినక్స్ 8139టూ డ్రైవర్ బాగా నలిగి గట్టిపడింది కాబట్టి 100 మెగాబిట్లకు నిశ్చింతగా వాడొచ్చు. ఇంటెల్ ప్రో/100, 3కామ్ 905 కార్డులైతే ప్రాసెసర్‌కి ఆ భారం కూడా ఉండదు.

కార్డు బాగానే ఉన్నా కింద నేల కదలొచ్చు, అంటే ఆపరేటింగ్ సిస్టమే దాని డ్రైవర్‌ని వదిలేయొచ్చు. 2021లో వచ్చిన ఫ్రీబీఎస్‌డీ 13 అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో డీఈ, ఈడీ, ఈపీ లాంటి పాత డ్రైవర్లు తీసేశారు. ఇంటెల్ ప్రో/100ని నడిపే ఎఫ్‌ఎక్స్‌పీ మిగిలింది. ఒకే యంత్రంలో పలు వర్చువల్ కంప్యూటర్లను నడిపే వీఎంవేర్ ఈఎస్‌ఎక్స్‌ఐ 7.0 పాత లినక్స్ తరహా డ్రైవర్లకు తలుపు మూసేసింది. అప్‌గ్రేడ్ చేసి కార్డు చచ్చిపోయిందనుకునే ముందు ఇది చూసుకోండి.

ఇక అసలు తగువు డ్యూప్లెక్స్‌ది: ఒకేసారి పంపడం, అందుకోవడం రెండూ జరిగితే ఫుల్, ఒక్కటే జరిగితే హాఫ్. స్విచ్‌లో (కేబుళ్లను కలిపే పెట్టెలో) 100 ఫుల్ అని బిగించి, కార్డుని ఆటోలో (తానే ఎంచుకునేలా) వదిలేస్తే, కార్డుకి వేగం తెలుస్తుంది గానీ డ్యూప్లెక్స్ తెలియదు, హాఫ్‌కి దిగిపోతుంది. చిన్న ప్యాకెట్లతో లైను పరీక్షించే పింగ్ బ్రహ్మాండంగా వెళ్తుంది. పెద్ద ఫైలు కాపీ పెట్టగానే నత్తనడక! లినక్స్‌లో ఈథ్‌టూల్ ఆదేశానికి పెద్ద ఎస్ ఇచ్చి (ethtool -S) చూస్తే కార్డు వైపు లేట్ కొలిజన్లు (ఆలస్యంగా జరిగే ఢీకొనడాలు), స్విచ్ లెక్కల్లో సీఆర్‌సీ తప్పులు (చెడిపోయి చేరిన ప్యాకెట్లు) పెరుగుతుంటాయి. రెండు వైపులా ఆటో పెట్టండి, లేదా రెండు వైపులా బిగించండి. ఒకవైపు మాత్రం వద్దు.

గిగాబిట్ కార్డు 100కే దిగబడితే ముందు కేబుల్ మార్చండి. గిగాబిట్‌కి కేబుల్‌లోని నాలుగు జతల తీగలూ కావాలి, 100కి రెండు చాలు. కొత్త కేబుల్‌తోనూ అంతేనా? పవర్ తీసి కార్డు ఊడదీయండి, బంగారు పళ్లను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆరాక వేరే స్లాట్‌లో పెట్టి చూడండి. అప్పటికీ 100 దాటకపోతే పోర్టు దగ్గరి ట్రాన్స్‌ఫార్మరో, లోపలి పిన్నో పోయి ఉండొచ్చు. దాన్ని బాగుచేసే శ్రమ దండగ.