బయట నిలబడ్డవాణ్ణి చూడు

మన స్కూలు బ్యాచ్ సంచికకి ఏదైనా రాయమని గ్రూపులో అడిగితే నాకు వెంటనే గుర్తొచ్చింది లంచ్ బెల్లు. 1993-94, తొమ్మిదో తరగతి. డబ్బాలు ఐదు నిమిషాల్లో ఖాళీ చేసి వాటర్ ట్యాంకు వెనక గోడ దగ్గరికి పరిగెత్తేవాళ్ళం. అక్కడ మాకు ఒకటే టాపిక్, టీవీలో వచ్చే అమెరికా రెజ్లింగ్. ఎవరు గెలిచారు అన్నది కాదు, అది రెండు నిమిషాల్లో అయిపోయేది. ఎవరు ఎవరికి ధోకా ఇవ్వబోతున్నారు, ఏ జోడీ విడిపోబోతోంది, దాని మీదే గొడవంతా.

ఇప్పటి పిల్లలకి ఇది అర్థం కావాలంటే అప్పటి సంగతి కొంచెం చెప్పాలి. హైదరాబాద్‌లో చిక్కడపల్లి, విద్యానగర్, నల్లకుంట వైపు అప్పుడప్పుడే మేడ మీంచి మేడ మీదకి కేబుల్ వైర్లు పాకుతున్నాయి. క్లాసులో పది పన్నెండు మంది ఇళ్ళలో కేబుల్ ఉండేది, మిగతావాళ్ళకి దూరదర్శనే. చూసినవాళ్ళు పొద్దున్నే వచ్చి చూడనివాళ్ళకి చెప్పాలి, అది రూలు లాంటిది. అమెరికాలో జరిగింది మా దాకా రావడానికి వారాలు పట్టేది, ఒక్కోసారి మధ్యలో ఎపిసోడ్ ఎగిరిపోయేది, కరెంటు పోతే ఆ వారం కథ ఇక అంతే. ఖాళీలన్నీ మేమే పూరించుకోవాలి. రెజ్లర్ల బొమ్మలుండే ట్రంప్ కార్డుల మీద ఎత్తు, బరువు, గెలిచిన ఫైట్లు ఉండేవి కానీ ఎవడి మనసులో ఏముందో కార్డు మీద ఉండదు కదా.

ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు అమ్మేవాళ్ళ దగ్గర ఆ రెజ్లింగ్ నడిపే కంపెనీ డబ్ల్యూడబ్ల్యూఎఫ్ వాళ్ళ పాత పత్రికలు దొరికేవి, నాలుగైదేళ్ళ నాటివి, అట్టలు ఊడిపోయినవి. మాకు అవే చరిత్ర గ్రంథాలు. హల్క్ హోగన్, రాండీ సావేజ్‌ల జోడీ మెగా పవర్స్ కథ మాకు అలాగే తెలిసింది. 1987లో కలిశారు, 1989 ఫిబ్రవరి 3న విడిపోయారు, ఏప్రిల్ 2న, ఏటా జరిగే పెద్ద షో రెజిల్‌మేనియా 5లో కొట్టుకున్నారు. విడిపోయిన రోజు ఏం జరిగిందంటే, ఫైట్ మధ్యలో సావేజ్ ఎగిరివచ్చి పడింది వాళ్ళ మేనేజర్ ఎలిజబెత్ మీద, హోగన్ ఆమెని ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయాడు. రింగ్‌లో సావేజ్ ఒక్కడే, ఎదురుగా ఇద్దరు, అదీ ఒక్కొక్కడూ కొండంత మనిషి. హోగన్ తిరిగొచ్చాక సావేజ్ అతని చెంప మీద ఒక్కటిచ్చి వెళ్ళిపోయాడు. క్లాసంతా సావేజ్‌ని విలన్ అంది. ఒక్కడు మాత్రం అనలేదు.

వాడే చిన్నోడు. అసలు పేరు రాయను, మీకందరికీ తెలుసు. వాళ్ళన్న మన బళ్ళోనే పదో తరగతి, క్లాస్ ఫస్టు, అసెంబ్లీలో ప్రతిజ్ఞ చెప్పించేది ఆయనే. అందుకని ఆయన పెద్దోడు, వీడు చిన్నోడు. టీచర్లు వీడి పేపరు ఇస్తూ మార్కులు చదివే ముందు "మీ అన్నని చూసి నేర్చుకోరా" అనడం మామూలే. వాడి షర్టు అన్నదే, జామెట్రీ బాక్సు అన్నదే, మూత మీద అన్న పేరు కంపాస్ మొనతో గీకి ఉండేది, దాని పక్కన వీడు ఎప్పుడూ తన పేరు రాసుకోలేదు. వాళ్ళింట్లో కేబుల్ లేదు. వాడు రెజ్లింగ్ మొత్తం మా నోటి వెంట విన్నవాడే.

అలాంటివాడు ఒకరోజు అడిగాడు, "లోపలోడు తన్నులు తింటున్నప్పుడు బయటున్నోడు ఏం చేస్తున్నడు?"

మాలో ఒక్కడికీ తెలీదు. అంతమంది చూశాం, ఒక్కడు కూడా చూడలేదు. రెండు జట్లు కొట్టుకునే ఫైట్‌లో ఒకడు లోపల ఉంటే జోడీదారు తాళ్ళ బయట నిలబడాలి, మూల కంబానికి కట్టిన మూరెడు తాడు చేత్తో పట్టుకుని, లోపలోడు చెయ్యి తాకితేనే లోపలికి రావాలి. మేమంతా లోపలే చూసేవాళ్ళం. ఆ వారం నుంచి బయట చూడటం మొదలుపెట్టాం. అంతే, కథ మొత్తం మారిపోయింది. చెయ్యి ఎంత దూరం చాస్తున్నాడు, జనాన్ని చప్పట్లు కొట్టమంటున్నాడా, తాడు వదిలేశాడా, గెలిచాక బెల్టు ఎవడు ముందు అందుకున్నాడు, ఇవన్నీ కెమెరా చూపిస్తూనే ఉంది, మేమే చూసుకోలేదు. సోమవారం వచ్చి చిన్నోడికి రిపోర్టు ఇచ్చేవాళ్ళం, వాడు గోడకి ఆనుకుని వినేవాడు.

1993 నవంబర్ 24, బోస్టన్, సర్వైవర్ సిరీస్ అనే షో. బ్రెట్ హార్ట్, ఓవెన్ హార్ట్, ఇంకా ఇద్దరు అన్నదమ్ములు, నలుగురూ ఒక జట్టు, అటు షాన్ మైకేల్స్ జట్టు. హార్ట్ అన్నదమ్ములే గెలిచారు. కానీ నలుగురిలో ఓడి బయటికి వెళ్ళింది ఓవెన్ ఒక్కడే, అందరికన్నా చిన్నోడు. అదీ ఎలా? పరిగెత్తుకొచ్చి బయట నిలబడ్డ అన్న బ్రెట్‌కే గుద్దుకుని, తేరుకునేలోపు షాన్ వెనక నుంచి చుట్టి భుజాలు నేలకి అదిమి పిన్ చేసేశాడు. గెలిచి అందరూ సంబరపడుతుంటే ఓవెన్ తిరిగొచ్చి బ్రెట్‌ని తోశాడు. తర్వాత క్రిస్మస్‌కి ఇద్దరూ రాజీ పడ్డారని, ట్యాగ్ టైటిల్, అంటే జోడీల చాంపియన్ బెల్టు కోసం జోడీగా ఆడతారని చెప్పారు.

ట్యాంకు వెనక వారం రోజులు ఇదే. సగం మంది రాజీ నిజమే అన్నారు. కొందరు షాన్ మళ్ళీ మధ్యలో దూరతాడన్నారు. నేను బ్రెట్టే విలన్ అవుతాడని పందెం కాశాను, నా అండర్‌టేకర్ కార్డు పెట్టి. చిన్నోడు అందరి మాటా అయ్యేదాకా ఆగి చెప్పాడు: "కొట్టేది తమ్ముడే. కానీ ముందు తప్పు అన్న చేస్తడు. పెద్ద తప్పు కాదు, అసలు అన్నకే అది తప్పని తెల్వదు. చెయ్యి ఇయ్యడు, అంతే."

అప్పుడే మా పీటీ సారు అటు వచ్చి కార్డులు లాక్కుని, అంతా నాటకం కదరా, దీనికి ఇంత టెన్షనా అన్నారు. చిన్నోడు చేతులు కట్టుకుని నిలబడి, "నాటకమే సార్. నాటకం కాబట్టే ఏదీ ఊరికే జరగదు, కారణం ఉంటది, అదే ఎతుకుతున్నం" అన్నాడు. సారు కాసేపు వాడి ముఖంలోకి చూసి కార్డులు తిరిగిచ్చేశారు. మాకు అప్పుడు తెలీదు కానీ, ఇది క్రీడా పోటీ కాదు, వినోదమేనని ఆ కంపెనీవాళ్ళే 1989లో న్యూజెర్సీ సెనేట్ ముందు ఒప్పుకున్నారు. చిన్నోడికి ఆ ఒప్పుకోలుతో పని లేకపోయింది.

1994 జనవరి 22, రాయల్ రంబుల్ షో. మేం చూసింది ఆ తర్వాత ఎప్పుడో. ఎదుట చాంపియన్ జోడీ క్యూబెకర్స్. బ్రెట్ మోకాలు దెబ్బతింది, పాక్కుంటూ ఉన్నాడు. కార్నర్‌లో ఓవెన్ తాడు పట్టుకుని, ఒళ్ళంతా ముందుకి వంచి చెయ్యి చాచి ఉన్నాడు. బ్రెట్ ఆ చెయ్యి అందుకోలేదు. ఆ కుంటి కాలితోనే తన కాళ్ళు మెలిపెట్టే పట్టు షార్ప్‌షూటర్ వెయ్యబోయాడు, పడిపోయాడు, రిఫరీ ఫైట్ ఆపేశాడు, టైటిల్ చేజారింది. ఓవెన్ అరిచి అరిచి చివరికి అన్న దెబ్బతిన్న కాలినే తన్నాడు. చూస్తున్న నాకు ఒళ్ళు జలదరించింది, తన్నినందుకు కాదు, వాడు చెప్పిన మాటలు అక్షరం పొల్లుపోకుండా జరిగినందుకు. అండర్‌టేకర్ కార్డు మర్నాడే వాడి చేతిలో పెట్టాను.

వేసవి సెలవుల్లో రెజిల్‌మేనియా 10 క్యాసెట్ అద్దెకి దొరికింది. మన బ్యాచ్ వాడొకడి ఇంట్లో వీసీఆర్ ముందు తొమ్మిది మందిమి, కూలర్ చప్పుడు. చిన్నోడు రెజ్లింగ్ కళ్ళారా చూడటం అదే మొదటిసారి. మొదటి ఫైటే అన్నదమ్ములది, ఓవెన్ గెలిచాడు, మా అరుపులకి ఇల్లు ఎగిరిపోయింది. చివరి ఫైట్‌లో బ్రెట్ యోకోజూనాని ఓడించి చాంపియన్ అయ్యాడు. మిగతా రెజ్లర్లంతా వచ్చి బ్రెట్‌ని భుజాల మీదకి ఎత్తుకున్నారు. అప్పుడు ఓవెన్ బయటికి వచ్చి దారి మధ్యలో నిలబడి చూస్తాడు. ఏమీ చెయ్యడు, ఊరికే చూస్తాడు.

చిన్నోణ్ణి తీసుకెళ్ళడానికి వాళ్ళన్న వచ్చి గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు, మేమెవ్వరం గమనించలేదు. "ముందుగాల గెలిచిండన్నరు కదా, మరి గట్ల చూస్తడేంది?" అన్నాడు. ఎవరూ జవాబు చెప్పలేదు. చిన్నోడు టీవీ వైపే చూస్తూ, "గెలిచిండు అన్నా. కానీ ఎవ్వరు ఎత్తుకోలే" అన్నాడు. పెద్దోడు చెప్పులు విప్పి లోపలికి వచ్చి, మా మధ్యలో చాప మీద కూర్చుని, క్యాసెట్ వెనక్కి తిప్పి మొదటి ఫైట్ మళ్ళీ పెట్టమన్నాడు. మొత్తం చూశాడు. వెళ్ళేటప్పుడు సైకిల్ చిన్నోడు తొక్కాడు, అన్న వెనక క్యారియర్ మీద కూర్చున్నాడు. ఆ సైకిల్ మీద వాణ్ణి ముందు కూర్చోగా నేను అంతకుముందు చూడలేదు.

ఇన్నేళ్ళలో చాలా జోడీలు విడిపోగా చూశాను. షాన్ మైకేల్స్ మార్టీ జానెటీని బార్బర్ షాపు అద్దంలోంచి విసిరేసింది, 1992 జనవరిలో ప్రసారమైంది, అందరూ అదే గొప్పదంటారు. నా లెక్కలో అది అద్దం పగిలిన చప్పుడుకి వచ్చిన పేరు. 2001 సెప్టెంబరులో టొరంటోలో క్రిస్టియన్ ఎడ్జ్‌ని కుర్చీతో కొట్టినప్పుడు కూడా అన్నదమ్ముల కథే, కానీ తొందరగా చుట్టేశారు. 2014 జూన్ 2, షీల్డ్ అనే ముగ్గురి జట్టు. ముందు రోజే ఎవల్యూషన్ అనే జట్టుని ముగ్గురూ కలిసి ఓడించారు, మర్నాడు సేత్ రోలిన్స్ రోమన్ రెయిన్స్ వీపు మీద కుర్చీతో కొట్టాడు. అది మాత్రం నా ఊహకి అందలేదు, చిన్నోడి ఊహకీ అందలేదు. వాడికి కోపం వచ్చింది, కారణం ముందు చూపించలేదని. విడిపోవడం షాకు కోసం పెడితే ఒక రాత్రి మాట్లాడుకుంటాం, కొట్టినవాడి వైపు నుంచి కూడా న్యాయం ఉంటే ముప్పై ఏళ్ళు మాట్లాడుకుంటాం. బ్రెట్, ఓవెన్‌ల మీద నేనింకా మాట్లాడుతూనే ఉన్నాను.

1997 మార్చి 31న వాళ్ళు మళ్ళీ కలిశారు. ఓవెన్, బావ బ్రిటిష్ బుల్‌డాగ్ కొట్టుకుంటుంటే బ్రెట్ రింగ్‌లోకి వచ్చి విడదీసి, మనది ఒక కుటుంబం అని మాట్లాడి ఇద్దర్నీ కౌగిలించుకున్నాడు. మేమప్పుడు తలో కాలేజీలో ఉన్నాం, అయినా ఆ వారం ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ ఇరానీ హోటల్లో కూడాం. అదే ఏడు నవంబర్లో మాంట్రియల్‌లో బ్రెట్‌కి చెప్పకుండానే కంపెనీ అతన్ని ఓడించిన గొడవ తర్వాత బ్రెట్ కంపెనీ వదిలేశాడు, ఓవెన్ ఉండిపోయాడు. కథలో కలిసినవాళ్ళు నిజంలో చెరో చోట అయ్యారు. 1999 మే 23న కాన్సస్ సిటీలో ఓవెన్‌ని పైకప్పు నుంచి తాడుతో రింగ్‌లోకి దించుతుంటే పట్టు ఊడి పడిపోయి చనిపోయాడు. ముప్పై నాలుగేళ్ళు. ఆ వార్త విని మేం కథలో భాగమే అనుకున్నాం, రెండు రోజులు అలాగే వాదించుకున్నాం, మళ్ళీ ఏ షోలో వస్తాడో కూడా ఊహలు చెప్పుకున్నాం. చిన్నోడు ఒక్కడే ఏ ఊహా చెప్పలేదు. నెట్ సెంటర్‌కి వెళ్ళి, ఫొటో లోడ్ అయ్యేదాకా కూర్చుని, బయటికి వచ్చి "నిజమేరా" అన్నాడు. తర్వాత పక్కనున్న ఎస్టీడీ బూత్‌లోకి వెళ్ళాడు. అప్పటికి వాళ్ళన్న ఉద్యోగానికి పుణె వెళ్ళిపోయాడు.

2023 సెప్టెంబర్ 8. డబ్ల్యూడబ్ల్యూఈ, అదే మన పాత డబ్ల్యూడబ్ల్యూఎఫ్, మన ఊరికే వచ్చింది, గచ్చిబౌలి బాలయోగి ఇండోర్ స్టేడియానికి. మన బ్యాచ్ వాళ్ళం ఐదుగురం వెళ్ళాం. జాన్ సీనా మన దేశంలో ఫైట్ చెయ్యడం అదే మొదటిసారి. జోడీదారు ఎవరంటే సేత్ రోలిన్స్, ఆ కుర్చీ సేత్ రోలిన్సే. ఎదుట ఇంపీరియం అనే జట్టు వాళ్ళిద్దరు. స్టేడియం మొత్తం సీనా పేరు అరుస్తోంది, లోపల సీనా తన్నులు తింటున్నాడు, నేను పక్కకి తిరిగి చూస్తే చిన్నోడు లోపలికి చూడటమే లేదు. వాడి చూపు తాళ్ళ బయటే ఉంది. యాభైకి దగ్గర పడుతున్న మనిషి, కళ్ళద్దాలు పైకి నెట్టుకుంటూ. చెవి దగ్గరికి వంగి "ఏమంటవ్?" అని అడిగాను.

"తాడు వదల్లే చూడు. ఇయ్యాల కొట్టడు."

కొట్టలేదు. ఇద్దరూ గెలిచారు.

బయటికి వచ్చాక ఆటో దొరక్క రోడ్డు పక్కన నిలబడి ఊసోల గురించి మాట్లాడుకున్నాం. కవల అన్నదమ్ములు జిమ్మీ, జే. నెల రోజుల ముందే, ఆగస్టు 5న సమ్మర్‌స్లామ్‌లో జే గెలవబోతుంటే జిమ్మీయే లాగేశాడు. మాలో నలుగురం ఇక వాళ్ళు కలవరు అన్నాం. చిన్నోడు కలుస్తరు అన్నాడు, తొంభై ఏడులో కలవలేదా అన్నాడు. నేను మళ్ళీ పందెం కాశాను, ఈసారి ప్యారడైజ్ బిర్యానీ.

2024 నవంబర్ 30, సర్వైవర్ సిరీస్, జిమ్మీ, జే ఒకే జట్టులో. మనకి ఆదివారం పొద్దున. ఫైట్ అవుతుండగానే ఫోన్ మోగింది, చిన్నోడనుకుని ఎత్తాను. కాదు, వాళ్ళన్న. పుణె నుంచి వచ్చి తమ్ముడింట్లో ఉన్నాడట. "మావోడు బిర్యానీ ఎప్పుడని అడుగుతుండు" అన్నాడు, వెనక నుంచి చిన్నోడి గొంతు వినపడుతోంది, "అన్నా, ఫోన్ తర్వాత, ముందు ఇటు చూడు, ఇటు చూడు."