సూది గుచ్చుకుంటే క్షమాపణ

రక్తం తీసిన సూదిని ఎవరో ట్రేలో దూది కింద వదిలేశారు. ట్రే సర్దుతుంటే అది గ్లౌజు దాటి నా వేలిలో దిగింది. కుళాయి కింద వేలు పెట్టి సబ్బుతో కడుక్కుంటుండగా వార్డు మేనేజరు వచ్చింది. మందుల బీరువా తాళాలు నా దగ్గర నుంచి తీసుకుని, "ఇలా జరిగినందుకు క్షమించండి. మీ పేషెంట్లను నేను చూసుకుంటాను, మీరు ముందు ఆక్యుపేషనల్ హెల్త్‌కు వెళ్లండి" అంది. చీవాట్లకు సిద్ధపడి నిలబడ్డ మనిషికి క్షమాపణ చెబితే ఏం చేయాలో తోచదు. నేను "ఫరవాలేదు" అని గొణిగి, సిబ్బంది ఆరోగ్యం చూసే ఆ విభాగానికి బయల్దేరాను.

ఇంగ్లండ్‌లో సూది గుచ్చుకోవడాన్ని ఆసుపత్రికి జరిగిన ప్రమాదంగా చూస్తారని శిక్షణలో చెప్పారు. విన్నాను, నమ్మలేదు. మా ఊరి నర్సింగ్ హోములో మొదటి ప్రశ్న "కళ్లెక్కడ పెట్టుకున్నావు?" ఆ తర్వాత స్పిరిట్ దూది అద్దుకుని మళ్లీ డ్యూటీ. సూదులున్న చెత్త సంచులు ఎత్తే ఆయమ్మలను ఆ ప్రశ్న కూడా ఎవరూ అడిగేవారు కారు. గల్ఫ్ వెళ్లాలని అన్నీ అమర్చుకున్న మా సీనియర్ ఒకామెకు మెడికల్‌లో కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ బి పాజిటివ్ అని తేలింది. అన్‌ఫిట్. ఎన్ని సూదులు గుచ్చుకున్నాయో ఆమెకే గుర్తు లేదు. ఊళ్లో మాత్రం కామెర్లకు పసరు ఎక్కడ పోస్తారో చెప్పేవాళ్లకు కొదవ లేదు.

అందుకే ఇక్కడ రిపోర్టు ఫారం నింపుతున్నంతసేపూ నా భయం హెపటైటిస్ గురించి కాదు, ఆసుపత్రి ఇచ్చిన వీసా స్పాన్సర్‌షిప్ గురించి. రాసిచ్చింది రేపు నా మీదకే తిరగదని నమ్మకమేమిటి?

ఆక్యుపేషనల్ హెల్త్ నర్సు మూడు అంకెల లెక్క చెప్పింది. వైరస్ ఉన్న రక్తం సూదితో ఎక్కితే, టీకా లేనివాళ్లలో హెపటైటిస్ బి మూడింట ఒకరికి దాకా అంటవచ్చు. హెపటైటిస్ సి సుమారు 30లో ఒకరికి, హెచ్ఐవి 300లో ఒకరికి. సి విషయంలో అసలు ముప్పు అంతకంటే చాలా తక్కువని ఈమధ్య తేలిందట. దానికి టీకా లేకపోయినా, ఇప్పుడు మాత్రలతో దాదాపు అందరికీ నయమవుతుంది.

పేషెంటు రక్తం పరీక్షించడానికి ఆయన అనుమతి కావాలి. దాన్ని నేను అడగకూడదట, వేరొకరు అడగాలి. గుచ్చుకున్న మనిషే ఎదురుగా నిలబడితే కాదనడానికి మొహమాటపడతారని. ఈ సున్నితం నాకు అతిగానే తోచింది. పాజిటివ్ అయితే కేస్ షీటు మీద ఎర్ర సిరాతో పెద్దగా రాసి అందరినీ హెచ్చరించే చోటు నుంచి వచ్చాను మరి. ఆ ఎర్ర అక్షరాలను పక్క మంచం చుట్టాలు కూడా చదివేవారన్నది నిజమే.

తర్వాత కంప్యూటర్‌లో టీకాతో నా రక్తంలో పుట్టిన యాంటీబాడీల అంకె చూసి ఆమె నవ్వింది. వంద దాటి ఉంది, బి గురించి దిగులు లేదు. "టీకా ఎక్కడ వేయించుకున్నారు?" అంది. హైదరాబాద్‌లో తయారైన టీకా అని చెప్పాను. అడగకపోయినా ఇంకొంచెం చెప్పాను: దిగుమతి టీకా సామాన్యుడికి అందని రోజుల్లో శాంతా బయోటెక్నిక్స్ 1997లో షాన్‌వాక్‌-బి తెచ్చి ధర నేలకు దించిందని. గొంతులో గర్వం కాస్త ఎక్కువే పలికి ఉంటుంది. పలకనీ. ఈ దేశంలో మనకు అన్నీ నేర్పేవాళ్లే, మన దగ్గర నుంచి వచ్చింది ఏమిటని అడిగేవాళ్లు తక్కువ.

పైగా వీళ్లకు 2013 నుంచి ఈ సూదుల కోసమే ప్రత్యేక నిబంధనలున్నాయి. వాడిన సూదికి మళ్లీ మూత పెట్టకూడదు. రక్తం తీయగానే బొటనవేలితో నొక్కితే టిక్కుమని ప్లాస్టిక్ తొడుగు సూదిని కప్పేస్తుంది. వాడిన సూదులు వేసే పసుపు డబ్బా పక్కనే ఉంటుంది. ఇన్ని ఉన్నా ఆ టిక్కు వినిపించకుండా ట్రేలో పడేసిన చెయ్యి ఒకటి ఉంది కదా! ఆ చెయ్యి ఎవరిదో కనిపెట్టాలని నాకు ఎంత కోరికగా ఉందో, వార్డులో ఇంకెవరికీ అంత లేదు. ట్రేలు ఎక్కడ పెడుతున్నారు, డబ్బా మంచానికి ఎంత దూరంలో ఉంది, ఆ పూట ఎంతమంది ఉన్నారు, ఇవే వాళ్ల ప్రశ్నలు. తిట్టేవాళ్లు లేకపోతే కోపం ఎక్కడ దించుకోవాలి?

మా అన్నయ్య కూతురు రాజమండ్రిలో నర్సింగ్ చదువుతోంది. ఆ రాత్రే ఫోన్ చేసి టీకా మూడు డోసులూ అయ్యాయా అని అడిగాను. రెండు అయ్యాయట, అవీ సొంత డబ్బుతో. ఆసుపత్రి సిబ్బందికీ, వ్యర్థాలు ఎత్తేవాళ్లకూ హెపటైటిస్ బి టీకా వేయించాల్సింది యాజమాన్యమేనని మన దేశంలోనూ 2016 నుంచి రూలు ఉందని చెప్పాను. డ్యూటీకి వెళ్లే ఆసుపత్రిలో అడిగి చూడమన్నాను.

"నేను అడిగితే ఇంటర్నల్ మార్కులు పోతాయి. నువ్వే వచ్చి అడుగు, అత్తా" అంది.