కలిగిరి ఆడవాళ్ల ఢిల్లీ ప్రయాణం

కలిగిరి మండలంలోని మా పొదుపు సంఘం నుంచి పద్నాలుగు మందిమి నెల్లూరులో రైలెక్కి ఢిల్లీ వెళ్లి వచ్చాము. మాలో ముగ్గురు 1992లో దూబగుంట సారా వ్యతిరేక పోరాటంలో నడిచినవారు కనుక, చట్టాలు చేసే చోటును చూడాలన్న కోరిక మాకు కొత్తది కాదు.

రాజ్యాంగ సభ 1946 నుంచి 1949 వరకు సమావేశమైన పాత పార్లమెంటు భవనాన్ని బయటి నుంచే చూశాము. ఆ సభలో పదిహేను మంది స్త్రీలు ఉండేవారని, రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి వారిలో ఒకరని నేను చెబితే, "అంత పెద్ద సభలో పదిహేను మందేనా అక్కా?" అని మా కోశాధికారి అడిగింది. చట్టసభల్లో మూడో వంతు స్థానాలను స్త్రీలకు కేటాయించే 106వ రాజ్యాంగ సవరణ 2023లో వచ్చినా, జనగణన, నియోజకవర్గాల పునర్విభజన జరిగాకనే అమలు చేయాలని అందులోనే షరతు పెట్టారని వివరించేసరికి ఆమె మొహం చిన్నబోయింది. నిజానికి ఆ మెలిక నాకూ నచ్చలేదు.

ఎర్రకోటను అందరూ చూస్తారు, దాని సంగతి వదిలేస్తాను. భర్త హుమాయూన్ కోసం బేగా బేగం కట్టించిన సమాధి చుట్టూ విశాలమైన తోటలున్నాయి. 1236 నుంచి 1240 వరకు ఢిల్లీని స్వయంగా ఏలిన రజియా సుల్తానాదిగా చెప్పే సమాధి మాత్రం తుర్క్‌మాన్ దర్వాజా దగ్గరి ఇరుకు సందుల్లో, ఇళ్ల గోడల నడుమ పైకప్పు కూడా లేకుండా ఉంది. మా పెద్దమ్మ వరసావిడ ఏమీ మాట్లాడకుండా వంగి, ఆ రాతి మీది ఎండుటాకులను కొంగుతో తుడిచింది.