ఇద్దరికీ 8108

శనివారం. బట్టలు వాషింగ్ మెషీన్‌లో వేసి, మేము ఆఫీసులో వాడే ఒక డ్రూపల్ మాడ్యూల్‌కి వచ్చిన ప్యాచ్‌లు రివ్యూ చేద్దామని కూర్చున్నాను. డ్రూపల్ అంటే వెబ్‌సైట్లు తయారుచేసే సాఫ్ట్‌వేర్, మాడ్యూల్ దానికి తగిలించే అదనపు భాగం, ప్యాచ్ దాని కోడ్‌లో చేయమని ఎవరైనా పంపే మార్పు. ఇంతలో మా టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి ఫోన్ చేసింది.

"అక్కా, నా ప్యాచ్ నిన్నటిదాకా బాగానే ఉంది, ఇవాళ మెర్జ్ అవట్లేదు. ఇంకెవరో కూడా 8108 వాడేశారు."

"వాళ్లది ముందు లోపలికెళ్లింది కదా, ఆ నంబరు వాళ్లదే. నువ్వు 8109 తీసుకో."

"అంతేనా?"

తన విషయంలో అంతే. సైటు డేటాబేస్‌లో మార్పు చేసే ప్రతి అప్‌డేట్‌నీ ఒక ఫంక్షన్‌గా రాస్తాం, దాని పేరు చివర ఉండే నంబరే ఈ 8108. ఒకే పేరుతో రెండు ఫంక్షన్లు కనబడితే డ్రూపల్ రాసిన భాష పీహెచ్‌పీ అక్కడికక్కడే ఆగిపోతుంది, ఎవరికీ తెలియకుండా జారిపోయే తప్పు కాదది. ఈ నాలుగంకెల్లో ఏముందో కూడా చెప్పాను. మొదటి 8 డ్రూపల్ వెర్షన్, తర్వాతి 1 మాడ్యూల్ సిరీస్, చివరి 08 ఆ సిరీస్‌లో మార్పు వరస నంబరు. నంబరు చూడగానే ఆ మార్పు ఏ కాలానిదో, ఏ సిరీస్‌దో తెలిసిపోతుంది. నాకు ఈ పద్ధతి ఇష్టం. వెబ్‌సైట్లు కట్టడానికే వాడే ఇంకో సాఫ్ట్‌వేర్, రైల్స్ వాళ్లు 2008లో, 2.1 వెర్షన్‌లో, వరస నంబర్లు వదిలేసి తేదీ, సమయం కలిపిన పద్నాలుగు అంకెలకి మారారు. దాంతో ఇద్దరికి ఒకే నంబరు రావడం దాదాపు పోయింది. కానీ ఆ పద్నాలుగు అంకెలు చూసి ఇది ఏ రిలీజ్‌లోదో చెప్పలేం.

ఫోన్ పెట్టేశాక తెరిచిన రెండో ప్యాచ్ దగ్గరే మధ్యాహ్నం దాకా ఉండిపోయాను. ఎవరో చాలాకాలం క్రితం రాసి పెట్టినది. టేబుల్‌లో ఒక కొత్త కాలమ్ చేరుస్తుంది, నంబరు 8105. మా ఫైల్లో 8104 తర్వాత నేరుగా 8106 ఉంది, మధ్యలో ఆ ఒక్కటీ ఖాళీ. కాబట్టి ప్యాచ్ ఎక్కడా తగలకుండా చక్కగా కలిసిపోయింది, టెస్టులన్నీ పాసయ్యాయి. నాకు భయం వేసేది ఇలాంటి వాటితోనే.

డ్రూపల్ ఒక్కో మాడ్యూల్‌కి ఒక్క నంబరు మాత్రమే గుర్తుపెట్టుకుంటుంది: చివరిగా ఏ అప్‌డేట్ నడిచింది అన్నది. దానికంటే పెద్ద నంబర్లే నడుస్తాయి. ఇప్పటికే 8107 దాకా వచ్చిన సైట్లలో ఈ 8105 ఎప్పటికీ నడవదు. ఎర్రర్ రాదు, హెచ్చరిక రాదు. కొత్తగా మాడ్యూల్ ఇన్‌స్టాల్ చేసేవాళ్లకి మాత్రం ఇబ్బందే లేదు. వాళ్లకి టేబుల్ మొదటి నుంచీ కొత్త స్కీమా (టేబుల్‌లో ఏ కాలమ్‌లు ఉండాలో చెప్పే నమూనా) ప్రకారమే తయారవుతుంది, అప్‌డేట్ల జోలికే పోదు. మా టెస్టులూ కొత్త ఇన్‌స్టాల్ మీదే నడుస్తాయి, అందుకే పాసయ్యాయి. దెబ్బ తగిలేది ఏళ్లుగా ఈ మాడ్యూల్‌ని నమ్ముకున్న పాత సైట్లకి. ఏదో ఒకరోజు పేజీ తెరిస్తే "అలాంటి కాలమ్ లేదు" అని వస్తుంది. ఆ సైటు నడిపే మనిషి ఎవరో, ఎక్కడుంటారో మనకి తెలియదు. మన నంబర్ల వల్లే ఇలా అయిందని వాళ్లకీ తెలియదు.

రైల్స్ అయితే నడిచిన ప్రతి మార్పునీ విడివిడిగా రాసుకుంటుంది కాబట్టి ఆలస్యంగా వచ్చినదాన్ని కూడా పట్టుకుంటుంది. అలాంటిదే ఇంకొకటి, జాంగో అయితే ఏది దేని తర్వాత నడవాలో ఫైల్లోనే రాయిస్తుంది. డ్రూపల్‌లో ఆ బాధ్యతంతా నంబరు పెట్టేవాళ్ల మీదే పడుతుంది.

సిరీస్‌లు మారినప్పుడు చిక్కు ఇంకా పెరుగుతుంది. 2020లో మాడ్యూళ్లకి కొత్త వెర్షన్ నంబర్లు వచ్చాక, ఒకే రిలీజ్ డ్రూపల్ 9కీ 10కీ పనిచేయడం మామూలైంది. అప్పుడు మొదటి అంకెగా ఏది పెట్టాలి? 2.x సిరీస్‌లో ముందే 9201 రాసి ఉందనుకుందాం. తర్వాత ఎవరో పాత 1.x సిరీస్‌కి చిన్న దిద్దుబాటు చేసి, ముందు డ్రూపల్ 10 వేసి 10101 అని పెట్టారు. నియమం ప్రకారం రెండూ తప్పు కాదు. కానీ 1.x నుంచి 2.x కి మారే సైటులో 10101 అప్పటికే ఉంది, అందుకని 9201 నడవదు. నా లెక్కలో మొదటి అంకె ఏదన్నది పెద్ద విషయం కాదు, కొత్త సిరీస్ నంబర్లు పాత సిరీస్ నంబర్లన్నిటికంటే పెద్దవిగా ఉండటమే ముఖ్యం. ఆన్‌లైన్ పాఠాల సాఫ్ట్‌వేర్ మూడిల్ వాళ్లు దీన్ని బాగా చూసుకున్నారు. 4.4 వెర్షన్ నంబరు 2024042200. ఆ సిరీస్‌కి తర్వాత ఎన్ని దిద్దుబాట్లు వచ్చినా ముందున్న తేదీని ముట్టుకోరు, వెనకున్న అంకెలే పెంచుతారు. అందుకే పాత సిరీస్ ఎప్పుడూ కొత్తదాన్ని దాటిపోదు.

సాయంత్రం 8105 ప్యాచ్ రాసినవారికి జవాబు పెట్టాను. 8109 మా అమ్మాయికి ఇచ్చేశాం కాబట్టి మీరు 8110 తీసుకోండి, కాలమ్ ఇప్పటికే ఉందేమో చూసి, లేకపోతేనే చేర్చేలా రాయండి అని. ఎందుకంటే ఈ పాత ప్యాచ్‌ని సొంతంగా పెట్టుకుని నడుపుకుంటున్న సైట్లు కొన్ని ఉండే ఉంటాయి, వాళ్ల దగ్గర ఆ కాలమ్ ముందే ఉంటుంది. 8105 ఖాళీగానే ఉండనీ. సర్వే నంబరు 112 పొలాన్ని పంచుకుంటే 112/1, 112/2 అవుతుంది గానీ, పక్క చేనుకి 112 అని రాయరు కదా.

ఫైల్ పైభాగంలో మా పద్ధతి నాలుగు వాక్యాల్లో రాసి, విడిగా ఒక ప్యాచ్‌గా పంపాను. రిలీజ్ అయిన నంబరు మార్చకూడదు. కొత్తది ఎప్పుడూ చివర్లోనే చేరాలి. 1.x కి వచ్చిన మార్పు 2.x కీ కావాలంటే అక్కడ దానికి వేరే నంబరుతో మళ్లీ రాయాలి. పాత అప్‌డేట్లు తీసేస్తే ఏ నంబరు దాకా తీసేశామో తెలిపే ఫంక్షన్ తప్పకుండా పెట్టాలి.

ఆఫీసు సర్వర్‌లో 8104 దగ్గర ఆగిపోయిన ఒక సైటు కాపీ ఉంది. సోమవారం ఆ అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని, దాని మీద అప్‌డేట్లన్నీ తన చేతే నడిపించాలి.