బాపు ప్లేట్లు అరిగిపోలేదు

మా బాపు కాజీపేట రైల్వేలో పనిచేసి రిటైరయ్యాడు. డ్యూటీ మీద సికింద్రాబాద్ పోయినప్పుడల్లా ఒకటో రెండో ఎల్పీలు, అంటే పాటల గ్రామఫోన్ ప్లేట్లు, కొనుక్కొచ్చేవాడు. అన్నీ కలిపి 43. హన్మకొండలో మూడు ఇళ్లు మారినా ఒక్కటి కూడా పోగొట్టలేదు. ఇనప బీరువాలో కింది అరలో పుస్తకాల్లా నిలబెట్టి ఉంటాయి. వాటిని ఒకదాని మీద ఒకటి పడుకోబెడితే బాపుకు కోపం వస్తుంది, ప్లేట్లు వంగిపోతాయని.

పాత ప్లేయర్ మోటారు ఎప్పుడో ఆగిపోయింది. పోయిన దసరాకు నేను బెల్టుతో తిరిగే టర్న్‌టేబుల్ ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. ఇంట్లో టీవీ కోసం తీసుకున్న, స్పీకర్లను నడిపే స్టీరియో రిసీవర్ ఉండనే ఉంది. వెనక టీవీ, సీడీ, ఆక్స్ అని సాకెట్లున్నాయి. ఎరుపు, తెలుపు పిన్నులు తీసుకెళ్లి ఆక్స్‌లో పెట్టేశాను.

వాల్యూమ్ దాదాపు చివరిదాకా తిప్పితే గానీ పాట వినపడలేదు. ఘంటసాల గొంతు పక్క వీధిలోంచి వస్తున్నట్టుంది. తబలా రేకు డబ్బా మీద వేలితో కొట్టినట్టు మోగుతోంది. "స", "ష" వచ్చిన చోటల్లా బుస్సుమంటోంది. బాపు రెండు నిమిషాలు విన్నాడు. లేచి, ప్లేటు తీసి కవర్లో పెట్టాడు.

"అరిగిపోయినయ్ బిడ్డా. నలభై ఏండ్లాయె. ఉండనియ్యి ఇగ."

ఆ మాట నాకు ఆ రాత్రంతా నిద్ర పట్టనివ్వలేదు. పొద్దున్నే ప్లేటు తీసి టార్చి వెలుగులో తిప్పి తిప్పి చూశాను. గాడులు నల్లగా మెరుస్తున్నాయి, ఎక్కడా మసకబారలేదు. బాగా అరిగిన ప్లేటు మామూలుగా అలా ఉండదు. తప్పు నా కనెక్షన్‌దే అయ్యుండాలి అనుకున్నాను.

"మేమైతే ప్లేయర్ వైరు రేడియో వెనకాల గుచ్చి వినేటోళ్లం, అట్లనే మంచిగ వస్తుండె" అన్నాడు బాపు. అది నిజమే, నన్ను తికమక పెట్టిందీ అదే. ముల్లును పట్టుకుని, దాని కదలికను కరెంటు సిగ్నల్‌గా మార్చే ముక్కను కార్ట్రిడ్జి అంటారు. అప్పటి ప్లేయర్లలో ఎక్కువగా సిరామిక్ కార్ట్రిడ్జి ఉండేది. ముల్లు కదిలితే అది వందల మిల్లీవోల్టులు పుట్టిస్తుంది, పైగా రికార్డు చెక్కేటప్పుడు తగ్గించిన బేస్‌ను, అంటే లోతైన మోతను, చాలావరకు తానే సరిచేస్తుంది. అందుకే వాల్వు రేడియోకు నేరుగా తగిలించినా పాట నిండుగా వచ్చేది. ఇప్పటి టర్న్‌టేబుల్‌లో ఎక్కువగా ఉండేది మూవింగ్ మ్యాగ్నెట్ కార్ట్రిడ్జి. ప్లేటు మీద బరువు తక్కువ వేస్తుంది, 2 గ్రాముల చుట్టుపక్కల. అదే దాని గొప్పతనం. కానీ దాన్నుంచి వచ్చేది 3 నుంచి 5 మిల్లీవోల్టులే. సీడీ ప్లేయర్ 2 వోల్టుల దాకా ఇస్తుంది, అంటే 400 రెట్లు. ఆక్స్ సాకెట్ ఆశించేది సీడీ ప్లేయర్ లాంటి సిగ్నల్‌ను.

సౌండ్ తక్కువ రావడం ఒక్కటే అయితే వాల్యూమ్ పెంచుకుని సరిపెట్టుకోవచ్చు. అసలు సంగతి గాడిలో ఉంది. బేస్‌ను ఉన్నదున్నట్టు చెక్కితే గాడి అటూ ఇటూ విపరీతంగా ఊగి పక్క గాడిలోకి పోతుంది. అందుకని చెక్కేటప్పుడే బేస్ తగ్గిస్తారు, ట్రెబుల్ (సన్నని, పదునైన ధ్వని) పెంచుతారు. వినేటప్పుడు దాన్ని తిరగేయాలి. అప్పుడు ట్రెబుల్‌తో పాటు ప్లేటు మీది చిరచిర కూడా తగ్గుతుంది. ఎంత తగ్గించాలి, ఎంత పెంచాలి అన్న లెక్కను అమెరికా రికార్డు కంపెనీల సంఘం ఆర్ఐఏఏ 1954లో ఖరారు చేసింది. వినేటప్పుడు, బాగా లోతైన 20 హెర్ట్జ్ ధ్వని దగ్గర దాదాపు 20 డెసిబెల్స్ పెంచాలి, అంటే వోల్టేజీలో పది రెట్లు. బాగా సన్నని 20 కిలోహెర్ట్జ్ ధ్వని దగ్గర దాదాపు అంతే తగ్గించాలి. నేను ఆక్స్‌లో పెట్టి వినిపించింది ఆ దిద్దుబాటు జరగని పాట. బాపుకు అరిగిన ప్లేటులా వినిపించడంలో వింతేముంది!

పాత రిసీవర్లలో ఫోనో అని వేరే సాకెట్ ఉండేది, ఈ పని అదే చేసేది. మా రిసీవర్‌కు లేదు. చౌరస్తాలో రెండు షాపులు తిరిగాను, ఆ పనే విడిగా చేసే ఫోనో ప్రీయాంప్ దొరకలేదు. ఆన్‌లైన్‌లో తెప్పించాను. అగ్గిపెట్టెలు నాలుగు పేర్చినంత డబ్బా, 2,200 రూపాయలు. టర్న్‌టేబుల్ వైర్లు దాంట్లోకి, దాంట్లోంచి ఆక్స్‌లోకి. కొన్ని టర్న్‌టేబుళ్లలో ఇది లోపలే ఉంటుంది, వెనక ఫోనో, లైన్ అని చిన్న స్విచ్ ఉంటుంది. అలాంటిదైతే లైన్‌లో పెట్టి ఆక్స్‌కు ఇస్తే చాలు. లైన్‌లో పెట్టి రిసీవర్ ఫోనో సాకెట్‌కు ఇవ్వొద్దు, పాటంతా పగిలిపోతుంది. కరీంనగర్‌లో మా బావ వాళ్లింట్లో జరిగింది అదే.

డబ్బా పెట్టి ఆన్ చేస్తే ఈసారి గుయ్యిమని ఒకటే మోత. ముల్లును మోసే చెయ్యి, టోన్‌ఆర్మ్ మీద వేలు పెడితే కొంచెం తగ్గుతోంది, తీస్తే మళ్లీ మొదలు. వెనక్కి వంగి చూస్తే సన్నని వైరు ఒకటి వేలాడుతోంది, చివర ఫోర్కు లాంటి రేకుతో. గ్రౌండ్ వైరు. ప్రీయాంప్ మీద గ్రౌండ్ అని రాసి ఉన్న మరను రెండు చుట్లు వదులు చేసి, రేకును దాని కిందికి దూర్చి బిగించాను. బిగుస్తున్న కొద్దీ మోత సన్నబడి, చివరి చుట్టుకు ఆగిపోయింది. కరెంటు 50 హెర్ట్జ్ రొద అది. 5 మిల్లీవోల్టుల సిగ్నల్‌ను అంత పెంచుతున్నప్పుడు ఆ రొద కూడా పెరుగుతుంది మరి. ఆ వైరును ప్లగ్గులో ఎర్త్ పిన్నుకు చుట్టమని ఒక షాపాయన సలహా ఇచ్చాడు. దయచేసి ఆ పని చేయకండి. ఇంటి కరెంటు వైరింగ్‌తో ఆటలొద్దు, ఆ వైరు వెళ్లాల్సింది ప్రీయాంప్ మీది మర కిందికే.

టర్న్‌టేబుల్‌ను రిసీవర్ మీద నుంచి తీసి పక్క స్టూలు మీదికి మార్చాను, దాని లోపలి ట్రాన్స్‌ఫార్మర్‌కు దూరంగా. ఆ తర్వాత బాపును పిలిచాను.

అదే ప్లేటు. తబలా మొదటి దెబ్బకే స్పీకర్ జాలీ మీద దుమ్ము లేచింది. బాపు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. మూడో పాట మధ్యలో చెయ్యెత్తి, "ఆగు, ఇప్పుడొస్తది. మీ అమ్మ తుడుస్తుంటే ఉంగరం గీసుకుంది" అన్నాడు.

టక్. ఇంకో చుట్టు తిరిగి మళ్లీ టక్. ఆరుసార్లు.